ప్రొజెక్టర్ డబ్బా మీది అంకెలు

ప్రశ్న: ఆన్‌లైన్‌లో చూసిన ఒక ప్రొజెక్టర్‌కు ‘1080పి సపోర్టెడ్, 9000 ల్యూమెన్స్’ అని రాశారు. ధర బాగా చవక. గోడకు 10 అడుగుల దూరంలో పెట్టుకుని రాత్రిళ్లు సినిమాలు చూడాలని ఉంది. తీసుకోవచ్చా?
– ఒంగోలు పాఠకుడు

జవాబు: ‘సపోర్టెడ్’ అంటే 1080పి వీడియో ఇస్తే కాదనదని మాత్రమే. చూడాల్సింది ‘నేటివ్ రిజల్యూషన్’, అంటే లోపల బొమ్మను తయారుచేసే ప్యానెల్ మీద నిజంగా ఉన్న చుక్కల లెక్క. అక్కడ 1280×720 అని ఉంటే, వీడియోలోని 20.7 లక్షల చుక్కలను 9.2 లక్షల్లో ఇరికిస్తుంది. సబ్‌టైటిళ్లు, ఎక్సెల్ అంకెలు అలుక్కుపోయేది అందుకే. కొన్నాక పరీక్షించాలంటే కీస్టోన్‌ను (వంకర బొమ్మను సరిచేసే సెట్టింగ్) సున్నాకు తెచ్చి, ల్యాప్‌టాప్‌ను 1920×1080లో పెట్టి, ఒక్కో పిక్సెల్ మందంతో నలుపు తెలుపు గీతలున్న బొమ్మను 100 శాతం సైజులో వేయండి. గీతలు బూడిద రంగులో కలిసిపోయినా, అలలు తేలినా ప్యానెల్ చిన్నదే.

ఇక ల్యూమెన్లు, అంటే ప్రొజెక్టర్ ఇచ్చే వెలుగు కొలత. ఆ మాటకు ముందు ‘ఆన్సీ’ అనో ‘ఐఎస్ఓ’ అనో (వెలుగును కొలిచే ప్రామాణిక పద్ధతులు) లేకపోతే ఆ 9000ను పక్కన పెట్టండి. డబ్బా మీద సున్నాలు వేయడానికి ఖర్చేముంది? ఆన్సీ పద్ధతిలో తెల్లటి తెరను తొమ్మిది గళ్లుగా విడదీసి, ప్రతి గడి మధ్యలో లక్స్ (చదరపు మీటరుకు పడే ల్యూమెన్లు) కొలిచి, సగటును తెర వైశాల్యంతో (చదరపు మీటర్లలో) గుణిస్తారు.

మీకెంత కావాలో ‘త్రో రేషియో’తో తేలుతుంది. దూరాన్ని బొమ్మ వెడల్పుతో భాగిస్తే వచ్చేదే అది. 1.4 ఉన్న ప్రొజెక్టర్‌ను 10 అడుగుల దూరంలో పెడితే వెడల్పు 7.1 అడుగులు, ఎత్తు 4 అడుగులు, ఐమూలగా 98 అంగుళాలు. అంటే సుమారు 29 చదరపు అడుగులు. డిజిటల్ సినిమా హాలు ప్రమాణం 14 ఫుట్-లాంబర్ట్‌లు (తెర నుంచి కంటికి వచ్చే వెలుగు కొలత). మామూలు తెల్ల తెర మీద ఆ వెలుగుకు చదరపు అడుగుకు 14 ల్యూమెన్లు, మొత్తం సుమారు 400 కావాలి. చీకటి గదికి 500 ఆన్సీ నిజంగా ఉంటే చాలు. 200 అయితే బొమ్మ వెలిసిపోయినట్టుంటుంది. లైటు వేసుకుని చూస్తామంటే 2000 పైన చూడండి.

ప్రశ్న: కీస్టోన్, లెన్స్ షిఫ్ట్ ఒకటేనా?
– వరంగల్ పాఠకురాలు

జవాబు: కాదు. లెన్స్ షిఫ్ట్‌లో కటకమే జరుగుతుంది, చుక్కలు పోవు. డిజిటల్ కీస్టోన్ వంకరను సరిచేయడానికి బొమ్మను ప్యానెల్‌లోనే కుదిస్తుంది. పదునూ వెలుగూ తగ్గుతాయి. ముందు స్టాండు ఎత్తు సరిచూసి, ప్రొజెక్టర్‌ను గోడకు తిన్నగా పెట్టండి. కీస్టోన్ జోలికి ఆఖరున వెళ్లండి.

ప్రశ్న: హాల్లో 4కె, ఇంట్లో 4కె ఒకటేనా?
– హైదరాబాద్ పాఠకుడు

జవాబు: హాల్లోది 4096×2160, ఇంటిది 3840×2160. చాలా ఇంటి డీఎల్‌పీల్లో (చిప్ మీది బుల్లి అద్దాలతో బొమ్మ వేసే ప్రొజెక్టర్లు) ఆ అద్దాలు 1920×1080 మాత్రమే. బొమ్మను చకచకా నాలుగు చోట్లకు జరిపి 83 లక్షల చుక్కలు చూపిస్తాయి. దీన్ని ‘పిక్సెల్ షిఫ్ట్’ అంటారు. మోసం కాదు. సోఫాలోంచి సినిమా చూసేవారికి తేడా దాదాపు తెలియదు, సన్నని అక్షరాలను దగ్గరగా చదివితే తెలుస్తుంది.