ముక్కు తడి చూశావా?

అమ్మలూ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి, "దీనికి పిచ్చి పట్టింది అన్నయ్యా, ఉద్యోగం మానేసి విశాఖ ఎంవీపీ కాలనీలో జంతువుల కళ్లకే క్లినిక్ పెడుతుందట" అన్నాడు. వాణ్ని కసిరేశాను. ఫోన్ పెట్టాక నాకూ నిద్ర పట్టలేదు. మీ పెద్దమ్మకి చెప్పలేదు గానీ, లేచి రెండుసార్లు మంచినీళ్లు తాగాను.

అద్దె అగ్రిమెంటు పూర్తిగా చదివి సంతకం పెట్టు. ఇన్వర్టర్ పెట్టించు, హుద్‌హుద్ తుపాను చూసినవాళ్లం. కన్నీరు ఎంత ఊరుతోందో కొలిచే షిర్మర్ పేపరు, కంట్లో ఏ చుక్కలూ వెయ్యకముందే పెట్టు. నిమిషానికి 15 మిల్లీమీటర్లు దాటి తడిస్తే కుక్కకి ఫర్వాలేదు. ఇవన్నీ గరివిడి పశువైద్య కాలేజీలో నీకు నేర్పే ఉంటారు.

నా భయమల్లా అప్పు చేసి కొంటున్నావే, కంటిని పెద్దది చేసి చూపే ఆ స్లిట్ ల్యాంప్ గురించి. అందులో కన్ను ఎంత పెద్దగా కనిపిస్తుందంటే, పక్కన కుక్క ఉందనే మర్చిపోతాం.

నా దగ్గర ఆ యంత్రం లేకుండానే మర్చిపోయాను. నువ్వు గుంటవి అప్పటికి. పెదజాలారిపేట నుంచి ఎండుచేపలమ్మే ముసలమ్మ ఒక ఊరకుక్కని తెచ్చింది. ఎడమ కన్ను ఎర్రగా, జిగురు పుసితో నిండి ఉంది. కళ్ల కలక అని యాంటీబయాటిక్ చుక్కలిచ్చాను. రెండు వారాలకి మళ్లీ వచ్చింది. "బాబూ, దీని ముక్కు కూడా అటు పక్కే ఎండిపోతోంది" అంది. నేను నవ్వాను. "సముద్రపు ఉప్పుగాలి అమ్మా" అన్నాను. ఉప్పుగాలి ఒక పక్క ముక్కునే ఎండబెడుతుందా? అడగాల్సింది నన్ను నేనే.

ఆమె చెప్పిందే రోగనిర్ధారణ. అది కళ్ల కలక కాదు, కన్నీరు ఊరని పొడి కన్ను. కన్నీటి గ్రంథికి నీళ్లు వదలమనే ఆజ్ఞ మెదడు కాండం నుంచి ఏడో కపాల నాడితో బయల్దేరుతుంది. చెవి వెనక రాతిలాంటి ఎముకలోంచి, మధ్య చెవిని ఆనుకుని వస్తుంది. అక్కడ పెద్ద పెట్రోసల్ నాడిగా విడిపోయి, టెరిగోపాలటైన్ గాంగ్లియాన్ అనే నాడుల కూడలిలో చేతులు మారుతుంది. గాజువాకలో ఎక్కినవాడు ఆర్టీసీ కాంప్లెక్స్‌లో దిగి మధురవాడ బస్సు మారినట్టు. ఆ కాంప్లెక్స్ నుంచే ముక్కు పక్కనున్న గ్రంథికీ బస్సు పోతుంది. అందుకే చెవి దగ్గర దారి తెగితే కన్నూ ముక్కూ ఒకే పక్క ఎండుతాయి. కంట్లో నలక పడిందని కబురు మోసేది మాత్రం ఐదో నాడి. ఆ కబురు చక్కగా అందుతూనే ఉంది, పాపం ఆ కుక్క నొప్పికి గింజుకునేది. జవాబుగా నీళ్లే రాలేదు.

కన్ను అలా పొడిబారి నల్లగుడ్డు మీద పుండు పడింది. నొప్పి తగ్గాలని నేనేం చేశానో తెలుసా? అట్రోపిన్ వేశాను. గ్రంథికి చేరే ఆ కాస్త ఆజ్ఞనీ అడ్డుకునే మందు! పుండు చిల్లుపడింది, కన్ను తీసేయాల్సి వచ్చింది. మత్తులో పడుకున్నప్పుడు ఎడమ చెవి వాసన చూశాను. లోపలంతా చీము. అన్ని వారాలుగా అది చెవి గోక్కుంటూనే ఉందట. నేను అడగలేదు, ముసలమ్మ చెప్పలేదు. చెప్పినదానికే నవ్వినవాడికి ఏం చెబుతుంది?

ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. ఫీజు వద్దంటే, కాగితంలో చుట్టిన ఎండు నెత్తళ్లు బల్ల మీద పెట్టి వెళ్లింది. ఆ రోజు నేను భోజనం చెయ్యలేదు.

కాబట్టి పొడి కన్ను వస్తే ముందు రెండు ముక్కుపుటాలూ వేలితో తాకి చూడు. చెవిలోకి చూడు, రెప్ప పూర్తిగా మూసుకుంటోందో లేదో చూడు. నాడి దెబ్బతిన్నదని తేలితే కన్నీటి గ్రంథిని కదిలించే పైలోకార్పిన్ చుక్కలు తిండిలో కలిపి మొదలుపెట్టు. కొద్దికొద్దిగా పెంచు. చొంగ కారినా, వాంతులైనా వెనక్కి తగ్గు. చాలా కుక్కల్లో ఒంటి రక్షణ వ్యవస్థే గ్రంథి మీద పడుతుంది, వాటికి ఆ దాడిని అణిచే సైక్లోస్పోరిన్ ఆయింట్‌మెంట్. ఈ రెండు జబ్బులూ ఒకటే అనుకోకు.

నీకు తెలియదని కాదమ్మా. నాకూ పుస్తకంలో ఇదంతా తెలుసు, పరీక్షలో బొమ్మ గీసి మార్కులు కూడా తెచ్చుకున్నాను.

ప్రారంభానికి వస్తాను. పక్కన ఒక కుర్చీ వేయించు, తెచ్చినవాళ్లు కూర్చుని మాట్లాడేలా. అర్ధరాత్రి అనుమానం వచ్చినా ఫోన్ చెయ్యి. పెద్దమ్మ గొణుగుతుంది, పట్టించుకోకు.

మీ పెదనాన్న