యూడబ్ల్యూబీ ఉన్న ఫోన్‌కి అదనంగా డబ్బు పెట్టాలా? బ్లూటూత్ చాలదా?

యూడబ్ల్యూబీ (అల్ట్రా వైడ్‌బ్యాండ్ అనే, దగ్గరి పరికరాల మధ్య పనిచేసే రేడియో పద్ధతి) ఉంటే ఫైళ్లు వేగంగా వెళ్తాయని, పోయిన వస్తువులు దొరుకుతాయని విన్నాను, నిజమేనా అని అడిగారు. ఫైళ్ల కోసమైతే వద్దు. ఒకప్పుడు ఆ ఆశ గట్టిగానే ఉండేది. 2002లో అమెరికా టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 3.1 నుంచి 10.6 గిగాహెర్ట్జ్ వరకు ఉన్న ఫ్రీక్వెన్సీలను దీనికి లైసెన్స్ లేకుండా వాడుకోనిచ్చింది. మూడు మీటర్లలోపు 480 ఎంబీపీఎస్ వేగం అంటూ, దీని మీదే నడిచే వైర్‌లెస్ యూఎస్‌బీ కూడా వచ్చింది. కానీ స్టాండర్డ్ దగ్గర కంపెనీలు రెండు వర్గాలై కొట్టుకుంటే సాంకేతిక ప్రమాణాలు రాసే ఐఈఈఈ సంస్థ కమిటీ 2006లో చేతులెత్తేసింది. ఇప్పుడు ఐఫోన్ల మధ్య ఫైళ్లు పంపే ఎయిర్‌డ్రాప్‌లో కూడా ఫోటో వెళ్లేది వైఫై మీదే.

వస్తువులు వెతకడానికి కావాల్సిన దూరం కొలవడం మాత్రం వేరే సంగతి. బెంగళూరు పీణ్యలో ఒక ఫ్యాక్టరీకి ట్రాలీల ట్రాకింగ్ పెట్టిన టీమ్‌లో నేనూ ఉన్నాను. అంతకుముందు అక్కడ బ్లూటూత్ బీకన్లు (ఆగకుండా సిగ్నల్ పంపే చిన్న పరికరాలు) ఉండేవి. కదలకుండా ఉన్న ట్రాలీ స్క్రీన్ మీద షెడ్డంతా షికారు చేసేది! ఆ బీకన్లతో సిగ్నల్ బలాన్ని బట్టి దూరం ఊహిస్తారు. మధ్యలో మనిషి నిలబడ్డా, ఇనుప ర్యాక్‌కి తగిలి సిగ్నల్ తిరిగొచ్చినా లెక్క తప్పుతుంది.

యూడబ్ల్యూబీ చూసేది సమయం. రేడియో తరంగం నానోసెకనుకి 30 సెంటీమీటర్లు వెళ్తుంది. వాడే ఫ్రీక్వెన్సీల బ్యాండ్ వెడల్పు 500 మెగాహెర్ట్జ్ కాబట్టి పల్స్ రెండు నానోసెకన్లే ఉంటుంది. దాంతో నేరుగా వచ్చినదాన్నీ గోడకు తగిలి ఆలస్యంగా వచ్చినదాన్నీ చిప్ విడదీయగలదు. రెండు పరికరాల గడియారాలు కలవవు. అందుకని ఒకటి పంపుతుంది, రెండోది జవాబిస్తుంది; జవాబుకు ముందు ఆగిన సమయం తీసేసి, మిగిలినదాన్ని సగం చేస్తారు. ఎదురుగా అడ్డేమీ లేకపోతే తేడా 10 సెంటీమీటర్లకు అటూ ఇటూ.

అడ్డుంటేనే చిక్కు. ట్యాగ్ (వెతకాల్సిన వస్తువుకి తగిలించే చిన్న పరికరం) ప్యాంటు వెనక జేబులో పెట్టుకుంటే ఒళ్లు అడ్డొచ్చి దూరం ఎక్కువ చూపిస్తుంది. అందుకే యాంకర్లను (ట్యాగ్ దూరం కొలవడానికి ఒకచోట స్థిరంగా పెట్టే పరికరాలు) తలల కంటే పైన బిగించాం. ట్రాలీ ఎక్కడుందో తెలియాలంటే కనీసం మూడు యాంకర్లకు అందాలి. ఖర్చు పెరిగేదీ, మేనేజర్ బేరమాడేదీ అక్కడే.

తాళాలు తరచూ ఎక్కడో పెట్టి మరిచిపోయేవాళ్లయితే తీసుకోండి, వాటికి ట్యాగ్ తగిలిస్తే సోఫా సందులో ఉన్నా ఫోన్ బాణం గుర్తుతో చూపిస్తుంది. ఫోన్‌నే తాళంగా వాడే కారు డిజిటల్ కీకి ఇంకా మంచిది. కీ సిగ్నల్‌ని రిలే చేసే (దూరంగా ఉన్న కీ సిగ్నల్‌ని పట్టి కారు దాకా చేరవేసే) దొంగలు సమయాన్ని పెంచగలరు గానీ తగ్గించలేరు, కీ దూరంగా ఉందని కారుకి తెలిసిపోతుంది.

కొనేముందు మోడల్ సరిచూసుకోండి. పిక్సెల్ 8 ప్రోలో యూడబ్ల్యూబీ ఉంది, పిక్సెల్ 8లో లేదు. ఐఫోన్లలో 11 నుంచి వస్తోంది, ఎస్‌ఈ, 16ఈలలో మాత్రం ఇవ్వలేదు. ట్యాగ్‌లోనూ ఉండాలి: శాంసంగ్ మొదటి స్మార్ట్‌ట్యాగ్‌లో బ్లూటూత్ ఒక్కటే, స్మార్ట్‌ట్యాగ్ ప్లస్‌లో రెండూ ఉన్నాయి.