స్కూల్లో ఆర్ట్ పీరియడ్ నిలబెట్టడానికి మా చిన్న సంస్థ ఏం చేయాలి? మా అనుభవం

పిల్లల్లో టాలెంట్ కళ్లముందే కనిపిస్తోంది కానీ స్కూల్ వాళ్లు చదువు పాడవుతుందని మాట కూడా వినట్లేదు, ఆర్ట్ పీరియడ్ నిలబెట్టడానికి మా చిన్న సంస్థ ఏం చేయాలి అని అడిగారు ఒకరు. మేమూ పడ్డాం ఆ బాధ. ఆరేళ్లుగా ఇలాంటి ఒక స్వచ్ఛంద సంస్థలోనే పని చేస్తున్నా. మొదటి రెండేళ్లు మేం చేసిందల్లా ఉపన్యాసాలే, కళలు మనసుకి మంచివి, బొమ్మలేస్తే లెక్కల్లో మార్కులు కూడా పెరుగుతాయి అని. ఆ చివరి మాట మీరు మాత్రం అనకండి. "మార్కులే కావాలంటే ఇంకో లెక్కల పీరియడ్ వేస్తాం కదమ్మా" అన్నారు ఒక హెడ్మాస్టర్ గారు, నాకు నోట మాట రాలేదు. తర్వాత చదివితే తెలిసింది, 2000లోనే ఎలెన్ విన్నర్, లోయిస్ హెట్లాండ్ అని ఇద్దరు అమెరికా పరిశోధకులు పాత పరిశోధనలన్నీ కలిపి చూస్తే క్లాసులో నాటకం వేయించినచోట పిల్లల భాష మెరుగైందని తేలింది గానీ, బొమ్మలేస్తే మార్కులు పెరుగుతాయనడానికి గట్టి ఆధారం దొరకలేదట.

మాకు పనికొచ్చినవి రెండే. ఒకటి, నెల రోజులు టైమ్‌టేబుల్‌లో ఉన్న ఆర్ట్ పీరియడ్లు ఎన్ని, నిజంగా జరిగినవి ఎన్ని అని పిల్లల చేతే లెక్క రాయించాం. పరీక్షలు దగ్గరపడేకొద్దీ ఒక్కటీ మిగల్లేదు. ఆ కాగితం ముందు పెడితే ఎవరూ వాదించరు, కొత్త పీరియడ్ అడగట్లేదు, ఉన్నదాన్ని ఉంచమంటున్నాం అంతే.

రెండోది ఒక తొమ్మిదో తరగతి పాప నోట్‌బుక్. సూదిలో దారం ఎక్కిస్తున్న వాళ్ల అమ్మమ్మ చెయ్యి, అదే బొమ్మ పదకొండు సార్లు వేసింది. మొదటిదాంట్లో వేళ్లన్నీ ఒకే పొడుగు, నాలుగోదానికి కణుపులొచ్చాయి, ఏడోది చెరిపి చెరిపి కాగితమే చిరిగింది, చివరిదాంట్లో సూది అసలు గీయలేదు, రెండు వేళ్లు నొక్కిపట్టిన తీరులోనే అది ఉందని తెలిసిపోతుంది. హెడ్మాస్టర్ గారు ఒక్కో పేజీ తిప్పి, మళ్లీ వెనక్కి వెళ్లి చూసి, "ఇన్నిసార్లు ఎవరు వేయమన్నారు?" అన్నారు. ఎవరూ అనలేదండి. ఆ టర్మ్ నుంచి శుక్రవారం ఆర్ట్ పీరియడ్ జోలికి ఎవరూ రాలేదు.

అందుకే ప్రైజ్ వచ్చిన బొమ్మ ఫ్రేమ్ కట్టి తీసుకెళ్లకండి, అది చూస్తే "ఆ పిల్లకి పుట్టుకతో వచ్చింది, మిగతావాళ్లకెందుకు" అంటారు. పోటీలు పెట్టినా పేర్లు, స్కూలు కనపడకుండా జడ్జిలకివ్వండి, అమెరికాలో బడి పిల్లల బొమ్మలకీ రచనలకీ 1923 నుంచి ఇస్తున్న స్కొలాస్టిక్ అవార్డుల్లో కూడా పేరు చూడకుండానే ఎంచుతారు.

ఇది దయాధర్మం కాదని కూడా గట్టిగా చెప్పండి. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒప్పందం 31వ అధికరణంలో కళల్లో పాల్గొనే హక్కు ప్రతి బిడ్డకీ ఉందని రాసే ఉంది, ఆ పేజీ ప్రింట్ తీసి ఇవ్వండి.

మీటింగ్‌కి నోట్‌బుక్ ఫొటోలు కాదు, ఒరిజినలే తీసుకెళ్లండి, పాపని అడిగి మరీ. సాయంత్రానికల్లా తిరిగి ఇచ్చేయండి, తర్వాతి పేజీ వేసుకోవాలి కదా.