ఆ హైదరాబాద్ టికెట్ క్యాన్సిల్ చెయ్యరా చిన్నా

చిన్నా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి ఏడ్చింది. మధురవాడలో వర్క్‌షాప్‌కి తాళం వేసేశావట, నాలుగు రోజులుగా ఫోన్ ఆపేసి గదిలోనే ఉన్నావట, ఆదివారం రాత్రి బస్సుకి టికెట్ కూడా తీశావట. ఫ్లాట్లకి కిచెన్లు బిగించి ఇచ్చినా బిల్డర్లు డబ్బులు ఆపేస్తే ఎవడైనా మునుగుతాడు, దాని గురించి నిన్ను ఒక్క మాట అనను. నేను రాసేది ఆ టికెట్ గురించే. క్యాన్సిల్ చెయ్యి.

ఆ తప్పు నేను చేశాను కాబట్టి చెప్తున్నా. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు గాజువాక ఆటోనగర్‌లో నా షెడ్డు రేకులన్నీ ఎగిరిపోయాయి, మెషిన్లు తడిసి ముద్దయ్యాయి. ఇన్సూరెన్సు గడువు అంతకు మూడు నెలల ముందే అయిపోతే మళ్ళీ కట్టలేదు, అది తుఫాను తప్పు కాదు, నా బద్ధకం. అప్పటికే ఒక కాంట్రాక్టరు దగ్గర 11 లక్షల బిల్లు ఇరుక్కుని ఉంది. మూడు రూపాయల వడ్డీకి తెచ్చి రేకులు వేయించాను. మూడు రూపాయలంటే వినడానికి చిన్నగా ఉంటుంది, ఏడాదికి నూటికి 36. ఫిబ్రవరికి చేతులెత్తేసి, మీ అత్తకి కూడా సరిగ్గా చెప్పకుండా రాయపూర్ రైలెక్కేశాను.

రైలెక్కే ముందు రోజు వరకూ జనం నన్ను "పాపం, తుఫానుకి దెబ్బతిన్నాడు" అనేవారు. వారం తిరిగేసరికి "ఐపీ పెట్టి పారిపోయాడు" అయింది. ఐపీ అంటే కోర్టులో దివాలా పిటిషన్, అది నేను పెట్టనే లేదు! కానీ ఎదురుగా లేనివాడి తరఫున ఎవడు మాట్లాడతాడు? నాలుగు నెలలూ గుమ్మంలోకొచ్చిన ప్రతి వాడికీ మీ అత్తే సమాధానం చెప్పుకుంది. ఆ సంగతి ఇప్పటికీ నాతో ఎత్తదు, అదే నాకు ఎక్కువ బాధ.

తిరిగొచ్చాక ఇంటి నుంచి షెడ్డు దాకా వెళ్ళడానికే మూడు రోజులు పట్టింది. పెద్ద అప్పులవాళ్ళ మొహం చూసే ధైర్యం లేక ముందు షెడ్డు ఎదురుగా ఉన్న టీ కొట్టుకి వెళ్ళాను, అక్కడ నా కుర్రాళ్ళ ఖాతా 1,140 రూపాయలు ఉంది. జేబులో 200 ఉంటే తీసి ఇచ్చాను. టీ కొట్టు ఆవిడ నోటుబుక్కు తీసి, వేలు తడి చేసుకుని పేజీలు తిప్పి, నా పేరు కింద 200 కొట్టేసి, "వచ్చీసేరా? పంచదార తక్కువే కదా" అంది. అంతే. ఆ సాయంత్రానికి నేను వచ్చినట్టు ఆటోనగర్ అంతా తెలిసిపోయింది, వచ్చి ముందుగా టీ బాకీ కట్టానని కూడా తెలిసింది. మర్నాడు ఇద్దరు అప్పులవాళ్ళు వచ్చి నోటికొచ్చినట్టు తిట్టారు, ఒకాయన చొక్కా కూడా పట్టుకున్నాడు. తిట్లు తిన్నాను. కానీ తిట్టడం అయ్యాక "అయితే నెలకెంత ఇస్తావు" అని అడిగింది కూడా ఆయనే.

కాబట్టి ఒక నోటుబుక్కు తీసుకుని ఎవరికెంతో పైసలతో సహా రాయి, ఏ వడ్డీకో రాయి, ఎవరి దగ్గర నీ ఖాళీ చెక్కులు ఉన్నాయో మరీ ముఖ్యంగా రాయి. ముందు పనివాళ్ళ జీతాలు, ఆ తర్వాత ప్లైవుడ్ కొట్టు, కిరాణా కొట్టు లాంటి చిన్న బాకీలు. చుట్టాల దగ్గర చేబదులు తీసుకున్నవి ఆఖరున పెట్టు, నాది అన్నిటికన్నా ఆఖరున. ప్రోనోటు అప్పులకి డబ్బు ఇచ్చిన ప్రతిసారీ నోటు వెనక జమ రాయించు, అంతా తీరాక కాగితం వెనక్కి తీసుకో. నమ్మకం ఉంది కదా అని వదిలేసి నేను ఒకాయనకి 40 వేలు రెండుసార్లు కట్టాను.

చెక్కుల దగ్గర మాత్రం చాలా జాగ్రత్త. చెక్కు బౌన్స్ అయిన సంగతి బ్యాంకు చెప్పాక 30 రోజుల్లో వాళ్ళు నోటీసు ఇవ్వాలి, అది అందిన 15 రోజుల్లో నువ్వు కట్టాలి, లేదంటే కేసు. రెండేళ్ళ వరకు జైలు, లేదా చెక్కు మీది మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా, రెండూ కూడా పడొచ్చు. నువ్వు అమీర్‌పేట హాస్టల్లో ఉంటే ఆ నోటీసు మీ అమ్మ సంతకం చేసి తీసుకుని దేవుడి గదిలో పెడుతుంది. నీకు తెలిసేసరికి పదిహేను రోజులు అయిపోతాయి.

మిగతా అప్పుకి జైల్లో వేస్తారని టెన్షన్ పడకు. డబ్బుండీ ఎగ్గొట్టేవాణ్ణే తప్ప, లేక కట్టలేనివాణ్ణి అప్పు కోసం జైల్లో పెట్టకూడదని సుప్రీంకోర్టు 1980లోనే చెప్పింది. అప్పు కట్టమని కోర్టు డిక్రీ వచ్చినా వంట సామాను, పక్కబట్టలు, భార్య మెడలో పుస్తెలు, చేతిపనివాడి పనిముట్లు జప్తు చెయ్యకూడదు. లోను పెట్టి కొన్న మెషిన్ల సంగతి వేరు, అవి బ్యాంకువి అనుకో. బ్యాంకు తరఫున వసూలుకొచ్చేవాళ్ళు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చెయ్యకూడదు, చేస్తే టైము రాసిపెట్టుకుని బ్యాంకుకే ఫిర్యాదు ఇవ్వు. సగానికి సెటిల్ చేస్తామంటే వెంటనే తలూపకు, సిబిల్‌లో, అంటే బ్యాంకులు చూసే నీ అప్పుల రికార్డులో, "సెటిల్డ్" అని పడితే తర్వాత లోను పుట్టడం కష్టం, వాయిదాలు తగ్గించి కాలం పెంచమని ముందు అడుగు.

ఇక ఐపీ. ఎన్ని లెక్కలు వేసినా తీరేలా లేకపోతే పెట్టు, అందులో దొంగతనం ఏమీ లేదు, 1920 నాటి చట్టం ఇచ్చిన దారి అది. 2016లో కొత్త దివాలా చట్టం వచ్చినా మనలాంటి వాళ్ళ భాగం ఇంకా అమలు చెయ్యలేదు, అందుకే ఆ పాత చట్టమే. ఆస్తులు, అప్పులు మొత్తం కోర్టు ముందు పెడితే కోర్టు నియమించిన రిసీవరు ఆస్తులు అమ్మి అందరికీ పంచుతాడు. దానికి చెడ్డపేరు తెచ్చింది ముందు రోజు ఇల్లు బామ్మర్ది పేరున రాసి మర్నాడు పిటిషన్ వేసినవాళ్ళు. అలా రెండేళ్ళలోపు ఊరికే రాసిచ్చినవి కోర్టు రద్దు చెయ్యగలదు, నీ స్కూటీ కూడా ఎవరి పేరుకీ మార్చకు. కోర్టు విడుదల చేసేదాకా ఎమ్మెల్యేగా పోటీ చెయ్యలేవు, ఆ ముచ్చట ఉంటే వాయిదా వేసుకో.

పని మాత్రం ఇక్కడే వెతుక్కో. నేను నా షెడ్డుకి నాలుగు షెడ్ల అవతల, ఒకప్పుడు నా దగ్గర పని నేర్చుకున్న కుర్రాడి దగ్గర రోజుకూలికి వెల్డింగ్ చేశాను. మొదటి వారం తల ఎత్తలేదు, వెల్డింగ్ మాస్కు ఉండటం ఎంత మంచిదో అప్పుడే తెలిసింది. తర్వాత నాకు మొదటి ఆర్డరు ఇప్పించింది ఆ కుర్రాడే, ఆఖరి నోటు 2021లో తీరింది. రాయపూర్‌లో ఆ నాలుగు నెలల్లో నా చేతిపని ఎలాంటిదో తెలిసినవాడు ఒక్కడూ లేడు, ముక్కూమొహం తెలియనివాడికి సరుకు అప్పు ఎవడిస్తాడు?

రేపు పదింటికి ఆటోనగర్‌లో అదే టీ కొట్టు దగ్గర ఉంటాను. నోటుబుక్కు, చెక్కుబుక్కులు, లోను కాగితాలు అన్నీ సంచిలో వేసుకుని రా, మీ ఆవిడని కూడా తీసుకురా, లెక్క తనకి కూడా తెలియాలి. ఫోన్ ఆన్ చేసి, మొట్టమొదట ఆ ప్లైవుడ్ కొట్టాయనకి చెయ్యి.

మావయ్య