పైకెళ్లి పేలే ఫ్యాన్సీ షాట్స్‌లో రకాలేంటి, అన్నీ ఒకేలా పనిచేస్తాయా?

డబ్బా మీద పేర్లు బోలెడు రాస్తారు గానీ, నన్నడిగితే తేడా అంతా లోపల రంగు మందు గుళికలు ఎలాంటివి, ఎలా పేర్చారన్న దాంట్లోనే ఉంది. గొట్టం అడుగున నల్లమందు అంటుకుని షెల్‌ని, అంటే ఆ గుళికలుండే ఉండని, పైకి తంతుంది, అప్పుడే షెల్ లోపలి వత్తి కూడా అంటుకుంటుంది, అది కాలుతూ మధ్యలో ఉన్న మందు దాకా పోయేసరికి షెల్ పగిలి గుళికలు అన్ని వైపులా పోతాయి. అంతే. సైజు అంగుళానికి వంద అడుగుల ఎత్తు అని ఓ కాకిలెక్క.

ఆ వత్తికి టైమే గానీ ఎత్తు తెలీదండీ. మా చెన్నై పెరంబూర్ వీధిలో కళ్లారా చూశా. పక్కింటన్న ముప్పై షాట్ల పెట్టె తెచ్చి సరిగ్గా మ్యాన్‌హోల్ మూత మీద పెట్టాడు, అదెప్పుడూ ఓ పక్కకి ఒరిగే ఉంటుంది. "అన్నా, అటో ఇటుక ఇటో ఇటుక పెట్టు" అంటే "ఏం కాదు లేరా, ఏటా కాల్చేదేగా" అన్నాడు. ఒక్కో షాట్‌కీ పెట్టె అదిరి అదిరి కొంచెం కొంచెం జరిగి దభీమని పడిపోయింది, తర్వాతి షాట్ నేల మీదే జర్రున ఎవరిదో యాక్టివా కింద నుంచి పోయి ఎదురింటి గోడకి కొట్టుకుని కింద పడి, ఓ రెప్పపాటు ఏమీ లేదు, ఆ తర్వాత అక్కడే మోకాలెత్తులో పచ్చగా ఇంత పువ్వు విచ్చుకుంది. ఇంకోటి బాల్కనీలోకి పోయి ఆరేసిన చీరకి అరచెయ్యంత చిల్లి పెట్టింది. ఆ చీర డబ్బులు అన్న ఇంకా ఇవ్వలేదు, అది వేరే కథ. అన్నట్టు ఆ పచ్చ రంగు బేరియం అనే రసాయనంది, 2018లోనే సుప్రీంకోర్టు వద్దంది, వినేదెవరు.

రకాలంటారా, తోక లేకుండా ఉత్త రంగు చుక్కలే గుండ్రంగా విచ్చుకుంటే పియోనీ, అవే తోకలతో వస్తే క్రిసాంథమం. పామ్‌లో గుళికలు తక్కువ, లావుగా ఉంటాయి. క్రాసెట్‌లో ఒక్కో గుళిక మళ్లీ నాలుగుగా చీలుతుంది. సెల్యూట్ అంటే ఉత్త శబ్దం, నాకస్సలు పడదు. విల్లో మాత్రం రాజు, బొగ్గు ఎక్కువుండే గుళికలు మెల్లగా కాలి బంగారు రంగులో కిందదాకా జారతాయి. హార్ట్ షేప్‌కి డబ్బులు పెట్టకండి, లోపల అట్ట మీద ఆ ఆకారంలో గుళికలు పేరుస్తారు, షెల్ పైన ఎటు తిరిగి పేలితే అటే కనబడుతుంది, పక్క నుంచి చూస్తే ఉత్త గీత.

ఇక ఈ 80% డిస్కౌంట్ గోల ఒకటి, అసలు రేటుకి కొన్నవాణ్ణి నేనింతవరకు చూళ్లేదు. పైగా ఇక్కడ తమిళనాడులో దీపావళికి కాల్చుకోనిచ్చేదే పొద్దున 6 నుంచి 7, రాత్రి 7 నుంచి 8, ఆ కాస్త టైంకి 240 షాట్ల పెట్టెలంటూ ఎగబడతారు. షాట్లు కాదు, గొట్టం వెడల్పు చూడండి. వేలు దూరని గొట్టంలో విల్లో ఎక్కడ పడుతుంది? షాపులో అడిగితే "అదే వెరైటీ సార్" అంటాడు.