ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉన్నా ఎందుకు మానేశారు? అదే నీ రీసెర్చ్

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గర పల్లె. హన్మకొండలో ఎంఏ సోషియాలజీ ఫైనలియర్ చదువుతున్నాను. నాన్న ఎనుమాముల మార్కెట్లో హమాలీ. నాతోపాటు డిగ్రీలో చేరినవాళ్లలో కొందరు ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉండి కూడా మధ్యలో మానేశారు. పేద విద్యార్థులకిచ్చే సాయం మీద పీహెచ్‌డీ చేయాలనుంది. ఇంట్లో బీఈడీ చేసి టీచర్ కొలువు చూసుకోమంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది సార్.

జవాబు: బిడ్డా, ‘ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉండి కూడా’ అని రాశావు చూడు, నేను అక్కడే ఆగిపోయాను. నీ రీసెర్చ్ ప్రశ్న అదే. ‘తెలంగాణలో సంక్షేమ పథకాలు’ అని పెద్ద టైటిల్ పెట్టుకుంటే ఐదేళ్లు తిరిగినా ఒడ్డు దొరకదు. ఈ ఒక్క ప్రశ్న పట్టుకుంటే వరంగల్, మహబూబాబాద్ దిక్కు నాలుగు కాలేజీలు చాలు.

ఈపాస్‌లో, అంటే ప్రభుత్వ స్కాలర్‌షిప్ వెబ్‌సైట్ ద్వారా, వచ్చే సాయం రెండు ముక్కలని నీకు తెలుసు. ఆర్‌టీఎఫ్ (ఫీజు రీయింబర్స్‌మెంట్) కాలేజీ ఫీజుకు, ఎంటీఎఫ్ (మెయింటెనెన్స్ ఫీజు) విద్యార్థి ఖర్చులకు. ఈ సాయానికి 75 శాతం హాజరు కావాలి. మరి మిరప ఏరే రోజుల్లో మీ పల్లెల్లో ఏం జరుగుతుంది? తల్లితోపాటు బిడ్డ కూడా తోటకు పోతుంది, ఆ కూలితోనే ఇల్లు నడుస్తుంది. కాలేజీ హాజరు రిజిస్టరు నెలలవారీగా తీసి ఆ సీజన్ పక్కన పెట్టి చూడు. హైదరాబాద్‌లో పెరిగినవాళ్లకు ఈ ఆలోచన తట్టడం కష్టం.

రెండోది, డబ్బు ఎప్పుడు వచ్చింది అన్నది. కొన్నేళ్ల కింద ఒకబ్బాయి నా దగ్గరికొచ్చాడు. డిగ్రీ పాసయ్యాడు, పీజీ సీటు వచ్చింది. ఫోన్ తీసి ఈపాస్ స్టేటస్ చూపించాడు, స్కాలర్‌షిప్ మంజూరైనట్టే ఉంది. కానీ కాలేజీకి డబ్బు పడలేదు, ఫీజు కడితేనే టీసీ ఇస్తామన్నారు. ఆ ఫోన్ స్క్రీన్ అడ్డంగా పగిలి ఉంది, ‘మంజూరు’ అన్న మాట సరిగ్గా ఆ పగులు కిందే కనబడింది. సీటు పోయింది. కాగితం మీద మాత్రం అతను సాయం అందిన విద్యార్థే. కాబట్టి నీ లెక్కలో మంజూరైన తేదీ, డబ్బు పడిన తేదీ వేరువేరు గడుల్లో ఉండాలి. జిల్లా సంక్షేమ కార్యాలయాల్లో సమాచార హక్కు చట్టం కింద అడుగు. 30 రోజుల్లో జవాబివ్వాలి.

అన్నిటికన్నా ముఖ్యం, క్లాసులో కూర్చున్నవాళ్లకే ఫారాలు పంచి సర్వే అయిపోయిందనుకోకు. వాళ్లు ఎలాగో నిలబడ్డవాళ్లు. మానేసినవాళ్లు బట్టల షాపులో ఉంటారు, అత్తగారింట్లో ఉంటారు, సూరత్‌లోనో భీవండిలోనో ఉంటారు. వాళ్లను వెతికి మాట్లాడితేనే నీ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. ఆదాయ సర్టిఫికెట్లోని అంకెను ఇంటి అసలు ఆదాయమని కూడా రాసుకోకు.

బయటి అనుభవం ఒకటి తప్పక చదువు. న్యూయార్క్ సిటీ యూనివర్సిటీ 2007లో అసాప్ అనే కార్యక్రమం పెట్టింది. కట్టాల్సిన ఫీజులో మిగిలిపోయే భాగం, పుస్తకాలు, నెలనెలా మెట్రో పాస్, వాటితోపాటు తరచూ కలిసి మాట్లాడే ఒక సలహాదారు. లాటరీ తీసి కొందరిని ఇందులో చేర్చి, మిగతావాళ్లతో పోల్చారు. మూడేళ్లకు కోర్సు పూర్తిచేసినవాళ్లు ఇందులో 40 శాతం, బయట 22 శాతం. అమెరికాలోనే ఒహాయో రాష్ట్రంలో మూడు కాలేజీల్లో అదే పద్ధతి పెడితే అక్కడా ఫలించింది. మన దగ్గర 2023 డిసెంబర్ నుంచి అమ్మాయిలకు బస్సు ఫ్రీ, హాస్టళ్లున్నాయి, ఫీజు పథకం ఉంది. ‘రెండు రోజులుగా రాలేదేం?’ అని అడిగే మనిషి మాత్రం చాలా కాలేజీల్లో లేరు. ఆ లోటు ఎంత పనిచేస్తోందో కొలిస్తే అది ప్రభుత్వానికి నేరుగా పనికొచ్చే రీసెర్చ్ అవుతుంది.

ఇక ఇంటి సంగతి. నాన్న భయం న్యాయమైనదే. ఫెలోషిప్ లేకుండా పీహెచ్‌డీలో చేరొద్దని గట్టిగా చెబుతున్నాను. ఫైనలియర్లో ఉండగానే యూజీసీ నెట్ అనే జాతీయ అర్హత పరీక్ష రాయొచ్చు. 150 ప్రశ్నలు, 300 మార్కులు, నెగెటివ్ మార్కులు లేవు. అందులో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, పైన ఇంటి అద్దె భత్యం. అది రాకున్నా, 2024 నుంచి నెట్ స్కోరుతో పీహెచ్‌డీ ప్రవేశాలున్నాయి. సామాజిక శాస్త్రాల పరిశోధన మండలి ఐసీఎస్ఎస్ఆర్ ఇచ్చే డాక్టోరల్ ఫెలోషిప్‌కు కూడా దరఖాస్తు చేసుకోవచ్చు. కాకతీయతో పాటు హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, బేగంపేటలోని సెస్ అనే ఆర్థిక, సామాజిక పరిశోధన సంస్థ కూడా చూడు. నాన్నను రెండేళ్ల గడువు అడుగు. ఈలోపు సర్వే ప్రాజెక్టుల్లో ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్‌గా చెయ్యి, ఇంటికి నాలుగు రూపాయలు వస్తాయి, పనీ వస్తుంది. రెండేళ్లలో ఏదీ కుదరకపోతే బీఈడీ చెయ్యి.

ఈ ఆదివారం మాత్రం మీ డిగ్రీ క్లాసులో మానేసిన అమ్మాయిల్లో ఒకరింటికి వెళ్లు. మొదటిసారే పెన్నూ కాగితం బయటకు తీయకు. ‘ఎందుకు మానేశావు’ అని అడిగితే తప్పు తనదే అన్నట్టు తల దించుకుంటుంది. ‘కాలేజీకి పోయిన ఆఖరి రోజు ఏం జరిగింది’ అని అడుగు. ఆమె చెప్పింది ఇంటికొచ్చాక రాసుకుని నాకు పంపు, ప్రశ్నల ఫారం ఇద్దరం కలిసి తయారుచేద్దాం. ఆమె పేరు మాత్రం అందులో రాయకు.