కాంబోడియాలో పేద పిల్లల బడికి వాలంటీర్ టీచర్‌గా వెళ్లొచ్చా?

ఇంజినీరింగ్ సెలవుల్లో రెండు వారాలు వెళ్లి పాఠాలు చెబితే పిల్లలకు మేలు జరుగుతుందా అని అడిగారు. వెళ్లొచ్చు, కానీ టీచర్ స్థానంలో కాదు, టీచర్ పక్కన.

అక్కడ ప్రభుత్వ బడులు చాలావరకు ఒంటిపూటే నడుస్తాయి. పొద్దున ఒక బ్యాచ్, మధ్యాహ్నం ఇంకో బ్యాచ్. మిగతా పూట స్వచ్ఛంద సంస్థలు ఇంగ్లిష్, కంప్యూటర్ నేర్పుతాయి. విదేశీ విద్యార్థులు ఎక్కువగా చేరేది వీటిలోనే.

చిక్కేమిటంటే, రెండు వారాలకో కొత్త ముఖం వస్తే ప్రతి ఒక్కరూ 'వాట్ ఈజ్ యువర్ నేమ్' దగ్గరే మొదలుపెడతారు. పిల్లలు అదే పాఠం మళ్లీ మళ్లీ వల్లెవేస్తారు. చనువైన అక్కో అన్నో వెళ్లిపోతే చిన్నవాళ్లు బెంగపెట్టుకుంటారు కూడా. నా దృష్టిలో ఇదే పెద్ద నష్టం.

కాబట్టి కనీసం రెండు మూడు నెలలు ఉండగలిగితేనే తరగతి తీసుకోండి. రెండు వారాలే ఉంటే స్థానిక టీచర్లకు ఇంగ్లిష్ మాట్లాడే అలవాటు చేయండి, పాఠాలకు కావాల్సిన బొమ్మలు, కార్డులు తయారుచేసి ఇవ్వండి. అవి మీరొచ్చేశాక కూడా పనికొస్తాయి. అన్నట్టు, అక్కడ మాస్టారిని 'లోక్ క్రు' అని, టీచరమ్మను 'నేక్ క్రు' అని పిలుస్తారు. ఆ 'క్రు' మన గురువే.

అనాథాశ్రమాలకు మాత్రం వెళ్లకండి. అక్కడి పిల్లల్లో చాలామందికి తల్లో తండ్రో ఉన్నారని యూనిసెఫ్ ఏళ్ల క్రితమే చెప్పింది. విరాళాల కోసం పిల్లల్ని ఇంటి నుంచి తెచ్చిపెట్టిన చోట్లూ ఉన్నాయి. పోలీస్ వెరిఫికేషన్ అడగకుండా మిమ్మల్ని పిల్లల మధ్యకు పంపే సంస్థనూ నమ్మొద్దు.